తెల్ల పెట్టె చలి పుట్టించదు

ఒక లెక్కతో మొదలుపెడదాం. చెరువు గట్టున అప్పుడే పట్టిన రొయ్యలు 20 టన్నులు ఉన్నాయనుకోండి. వాటిని 30 డిగ్రీల నుంచి మైనస్ 18 డిగ్రీలకు దించాలి. రొయ్యలో నాలుగింట మూడు వంతులు నీరే. సున్నా దాకా దించడానికి కిలోకు నూరు కిలోజౌళ్ల పైచిలుకు వేడి లాగెయ్యాలి. ఆ పైన నీరు గడ్డకట్టాలి. అసలు బరువు అక్కడుంది. నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఎంత వేడి తియ్యాలో, సున్నాకు చేరిన అదే నీటిని మంచుగా మార్చడానికి దానికి 80 రెట్లు తియ్యాలి. గడ్డకట్టాక మైనస్ 18 దాకా దించడానికి ఇంకొంచెం. అంతా కలిపితే కిలోకు సుమారు 400 కిలోజౌళ్లు. 20 టన్నులకు 80 లక్షల కిలోజౌళ్లు.

ఇప్పుడు ఓడరేవుల్లో కనిపించే 40 అడుగుల తెల్లటి రీఫర్ కంటైనర్‌ను తీసుకుందాం. దాని ముందు గోడకు బిగించిన శీతల యంత్రం అంత చలి దగ్గర పనిచేసేటప్పుడు బయటికి తోడగలిగే వేడి 5, 6 కిలోవాట్లు. అంటే సెకనుకు 5, 6 కిలోజౌళ్లు. భాగించి చూడండి, రెండు వారాలు దాటుతుంది. అదీ గోడల గుండా లోపలికి చొరబడే వేడిని లెక్కలోకి తీసుకోకుండా. ఈలోపు రొయ్యలు ఏమవుతాయో చెప్పనక్కర్లేదు, తలుపు తెరిచేవాళ్లు ముక్కు మూసుకోవాల్సిందే.

రీఫర్ అంటే ఓడెక్కే పెద్ద ఫ్రిజ్ అని చాలామంది అనుకుంటారు. సరుకు లోపల పెట్టి తలుపు మూస్తే అదే చల్లబరుస్తుందన్న నమ్మకం కొత్తగా ఎగుమతిలోకి దిగినవాళ్లలోనూ ఉంటుంది. ఆ నమ్మకం ఖరీదు చాలా ఎక్కువ. ఆ యంత్రం ఉన్నది సరుకును చల్లబరచడానికి కాదు. చల్లబడి ఎక్కిన సరుకును అలాగే ఉంచడానికి. ఆ మాటకొస్తే అది ఫ్రిజ్ కన్నా ఫ్లాస్కుకే దగ్గరి చుట్టం. లోపల స్టీలు, బయట లోహపు రేకు, మధ్యలో పాలీయురథేన్ నురుగు. చొరబడిన కాస్త వేడిని ఎప్పటికప్పుడు తోడిపోసే యంత్రం. సరుకు బాగోగులు తలుపు మూసేలోపే చాలావరకు తేలిపోతాయి. సముద్రం మీద జరిగేది ఆ తీర్పును నిలబెట్టుకోవడం మాత్రమే.

మరైతే రొయ్య ఎక్కడ చల్లబడుతుంది? భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టుబడి చాలాచోట్ల తెల్లవారకముందే మొదలవుతుంది, ఎండెక్కేలోపు ముగించాలని. వల నుంచి తీసిన రొయ్య నేరుగా ఐసు నీళ్ల టబ్బులోకి పోతుంది. గట్టు మీదే కౌంట్ చూసి ధర కడతారు. కిలోకు 30 తూగితే ఒక ధర, 100 తూగితే ఇంకో ధర. ఈ బేరం సాగుతున్నంతసేపూ రొయ్య ఒంట్లో ఇంకో పని జరుగుతూనే ఉంటుంది. చనిపోయిన రొయ్యలో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెలనిన్ తయారుచేస్తుంది. తల దగ్గర మొదలై నల్లటి మచ్చలు కిందికి పాకుతాయి. తింటే హాని లేదు. కానీ నల్ల మచ్చ పడ్డ రొయ్యను అమెరికా కొనుగోలుదారు ముట్టడు. ఐసు ఈ ఎంజైమును మందగింపజేస్తుంది, ఆపలేదు. అందుకే ఐసు వేసిన లారీలు ప్రాసెసింగ్ ప్లాంటుకు అంత ఆదరాబాదరాగా పరిగెడతాయి.

ప్లాంటులో తలలు తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్లటి నరం లాగి, గ్రేడు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఐసులాంటి నీళ్లలో గంటల తరబడి చేతులు నానబెట్టుకుని వాళ్లు చేసే పని ఎగుమతుల లెక్కల్లో ఎక్కడా కనిపించదు. అక్కడి నుంచి రొయ్య ప్లేట్ ఫ్రీజర్‌కు వెళ్తుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉండే లోహపు పలకలు పైనుంచీ కిందినుంచీ నొక్కితే, రెండు కిలోల దిమ్మ గంటన్నర, రెండు గంటల్లో రాయిలా గట్టిపడుతుంది. విడివిడి రొయ్యల్ని బెల్టు మీద పోసి ఈదురు చలిగాలిలో నడిపితే నిమిషాల్లోనే అవుతుంది. తెల్ల పెట్టె రెండు వారాల్లో చెయ్యలేని పని ఇక్కడ పూటలో పూర్తవుతుంది.

వేగం ఎందుకు? గడ్డకట్టడం మైనస్ 1 దగ్గర మొదలవుతుంది. మైనస్ 5 చేరేలోపు కండలోని నీటిలో చాలా భాగం మంచైపోతుంది. ఆ నాలుగు డిగ్రీల ఇరుకు దారిని నెమ్మదిగా దాటితే ముందు కణాల బయటి నీరు గడ్డకడుతుంది. మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడి కణం లోపలి నీటిని బయటికి లాగుతుంది. పెద్ద పెద్ద స్ఫటికాలు పెరిగి కణపు పొరల్ని చీల్చేస్తాయి. అలాంటి రొయ్యను కరిగిస్తే గిన్నెలోకి నీరు ఓడుతుంది, నమిలితే స్పాంజిలా ఉంటుంది. వేగంగా దాటితే స్ఫటికాలు లెక్కకు మించి పుడతాయి గానీ ఏదీ పెరగదు. ఈ సంగతి ఎస్కిమోల తిండి నుంచి నేర్చుకున్నవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్. కెనడాలోని లాబ్రడార్‌లో మంచు మీద పట్టిన చేప ఆ గాలికి క్షణాల్లో బిగుసుకుపోవడం, నెలల తర్వాత కరిగించినా తాజాగా ఉండటం చూశాడు. 1920లలో దాన్ని ఫ్యాక్టరీలోకి తెచ్చాడు.

గడ్డకట్టిన రొయ్యను ఇంకోసారి ఐసు నీళ్లలో ముంచి తీస్తారు. ఒంటినిండా పల్చటి మంచు పొర పడుతుంది. చలిగాలి పొడిగాలి, మంచు కరగకుండానే ఆవిరైపోయి కండ ఎండిపోతుంది. ఆ పొర ఉంటే ముందు పొరే ఆవిరవుతుంది, రొయ్య నిలుస్తుంది. ఈ పొరను అవసరానికి మించి దట్టంగా పట్టించి నీటిని రొయ్య ధరకు అమ్మే ఘనులూ ఉన్నారు. అందుకే కొనేవాడు పొర కడిగేసి తూకం వేస్తాడు.

ఇక్కడ ఒక పాత ఓడ కథ చెప్పాలి. గడ్డకట్టించడం ఒకచోట, గడ్డకట్టింది మోసుకెళ్లడం ఇంకోచోట అన్న పని విభజన ఎలా వచ్చిందో దానిలో ఉంది. 1881 డిసెంబరులో న్యూజిలాండ్‌లోని పోర్ట్ చామర్స్ రేవులో డ్యునెడిన్ అనే తెరచాప ఓడలో గొర్రె మాంసం ఎక్కిస్తున్నారు. ఓడ లోపల బెల్-కోల్మన్ యంత్రం ఉంది. గాలిని ఒత్తిడి పెట్టి నొక్కుతుంది. వేడెక్కిన ఆ గాలిని సముద్రపు నీటితో చల్లబరుస్తుంది. తర్వాత ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తుంది. వ్యాకోచించే గాలి తన వేడినే ఖర్చుపెట్టుకుని అతి చల్లగా మారుతుంది. మాంసాన్ని గడ్డకట్టించే పనీ, దారిపొడవునా కాపాడే పనీ రెండూ ఆ యంత్రానివే. ఓడ రేవులో ఉండగానే దాని క్రాంక్ విరిగింది. ఎక్కించిన మాంసాన్ని దించి స్థానికంగా అమ్ముకోవాల్సి వచ్చింది.

మరమ్మతు చేసి, మళ్లీ నింపి, 1882 ఫిబ్రవరి 15న బయల్దేరారు. ఉష్ణమండలంలో గాలి పడిపోయి ఓడ ఊగుతూ నిలబడిపోయినప్పుడు లోపల చలిగాలి అన్ని మూలలకూ చేరడం లేదని తెలిసింది. కెప్టెన్ జాన్ విట్సన్ గాలి గొట్టంలోకి పాకి, రంధ్రాలు చేయబోయి చలికి స్పృహ తప్పాడు. కాళ్లకు తాడు కట్టి సిబ్బంది బయటికి లాగారు. యంత్రపు పొగగొట్టం నుంచి ఎగిరిన నిప్పురవ్వలు తెరచాపలకు అంటుకున్నాయి కూడా. 98 రోజుల తర్వాత మే 24న లండన్ చేరితే, దాదాపు 5 వేల కళేబరాల్లో పనికిరానిది ఒక్కటి. ఆ ఒక్క ప్రయాణంతో న్యూజిలాండ్ ఆర్థిక వ్యవస్థ మలుపు తిరిగింది. తర్వాత ఏళ్లలో తీరం పొడవునా గడ్డకట్టించే ఫ్యాక్టరీలు నేల మీద వెలిశాయి, ఓడకు కాపాడే పని ఒక్కటే మిగిలింది. కెప్టెన్ విట్సన్‌ను స్పృహ తప్పించిన సమస్య మాత్రం చలి తక్కువై వచ్చింది కాదు, గాలి తిరగక వచ్చింది. ఈనాటికీ రీఫర్‌లో పాడయ్యే సరుకులో చాలా భాగం ఆ కారణంగానే పాడవుతోంది. ఆ ముచ్చట అరటితో చెబితే బాగా అర్థమవుతుంది.

అనంతపురం జిల్లా అంటే వేరుశనగ, కరువు అనే మాటలే గుర్తొచ్చేవాళ్లకు అక్కడి అరటి తోటలు వింతగా అనిపిస్తాయి. డ్రిప్పు నీటితో పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు, పక్కనే పులివెందుల వైపు టిష్యూకల్చర్ జి-9 రకం విరివిగా పండుతోంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు ఒక ప్రత్యేక రైలు కదిలింది. 43 రీఫర్ కంటైనర్లలో 980 టన్నుల అరటి, గమ్యం ఇరాన్. రొయ్యల పెట్టెకూ అరటి పెట్టెకూ బయటి నుంచి తేడా కనిపించదు. అదే తెలుపు, అదే యంత్రం, అదే ప్లగ్గు. లోపల మాత్రం ఒకటి శవాల గది, ఇంకొకటి ప్రాణులున్న గది.

అరటికాయ గెల నుంచి వేరైనా బతికే ఉంటుంది. ఊపిరి తీస్తుంది. తనలోని పిండిపదార్థాన్ని ఖర్చుచేస్తూ ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, వేడి వదులుతుంది. 20 టన్నుల పచ్చి కాయ కలిసి 13, 14 డిగ్రీల దగ్గర కూడా సుమారు ఒకటి రెండు కిలోవాట్ల వేడి పుట్టిస్తుంది. తోటలో 35 డిగ్రీల ఎండలో కోసిన కాయ పుట్టించే వేడి దానికి ఎన్నో రెట్లు. 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా శ్వాస వేగం సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. కాబట్టి కోసిన కొద్ది గంటల్లోనే చల్లబరచాలి. గెల నుంచి హస్తాలు వేరుచేసి, పాలు కారిపోయేలా నీటి తొట్టిలో కడిగి, అట్టపెట్టెల్లో సర్ది, ప్రీకూలింగ్ గదిలో బలమైన చలిగాలిని పెట్టెల మధ్య నుంచి లాగుతారు. ఈ మెట్టు ఎగ్గొట్టి వేడి కాయను నేరుగా కంటైనర్‌కు ఎక్కిస్తే, సరుకు తన వేడితో తానే యంత్రాన్ని ఓడిస్తుంది.

ఇంతకన్నా తుంటరి సంగతి ఇథిలీన్. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ద్మిత్రి నెల్యుబోవ్ అనే విద్యార్థి ప్రయోగశాలలో బఠాణీ మొలకలు వంకరగా పెరగడం గమనించి, గదిలో వెలిగే గ్యాసు దీపాల నుంచి వచ్చే ఇథిలీన్ దానికి కారణమని తేల్చాడు. 1934లో రిచర్డ్ గేన్ పండే పండ్లు స్వయంగా ఆ వాయువును తయారుచేస్తాయని నిరూపించాడు. అరటి దీనికి ఎంత సున్నితమంటే గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం ఇథిలీన్ చాలు, పండటం మొదలవుతుంది. ఒకసారి మొదలైతే కాయ తానే మరింత ఇథిలీన్ వదులుతుంది, పక్క కాయ అందుకుంటుంది, ఆ పక్కది దాన్నుంచి. 20 టన్నుల్లో ఒక్క దెబ్బతిన్న హస్తం మొత్తం పెట్టెకు ముహూర్తం పెట్టేయగలదు. అందుకే అరటి కంటైనర్ యంత్రంలో గాలి కిటికీని కొంత తెరిచి ఉంచుతారు, లోపలి వాయువులు పోయి బయటి గాలి రావడానికి. రొయ్యల పెట్టెకు అదే కిటికీ బిగించి మూసేస్తారు.

అలాగని ఇంకా చల్లగా పెడితే శ్వాస ఇంకా తగ్గుతుంది కదా అంటే, కుదరదు. అరటి ఉష్ణమండలపు మొక్క. 13 డిగ్రీల కిందికి వెళితే దాని కణపు పొరల్లోని కొవ్వు బిగుసుకుపోతుంది, పొరలు లీకవుతాయి. వేర్వేరు అరల్లో ఉండాల్సిన రసాయనాలు కలిసిపోతాయి. ఫినాల్ పదార్థాలు ఒక ఎంజైముకు చిక్కి నల్లబడతాయి. ఆ ఎంజైము మనకు ముందే పరిచయం: రొయ్య తలను నల్లబరిచిన పాలీఫినాల్ ఆక్సిడేజ్ బంధువే ఇది. పైకి పచ్చగానే ఉన్న కాయ తొక్క గీరితే కింద గోధుమరంగు చారలుంటాయి; గమ్యంలో మాగబెడితే పసుపు రాకుండా బూడిద రంగుకు తిరుగుతుంది. రొయ్యకు చలి ఎక్కువైతే కరెంటు బిల్లు పెరుగుతుంది, అంతే. అరటికి చలి ఎక్కువైతే సరుకే పోతుంది.

పెట్టె లోపల చలిగాలి ఎలా నడుస్తుందో చూస్తే ఈ రెండు సరుకుల తేడా ఇంకా స్పష్టం. గాలి పైనుంచి వీస్తుందని అనుకుంటాం. రీఫర్‌లో కింది నుంచి వస్తుంది. నేల చదునుగా ఉండదు. టి ఆకారపు అల్యూమినియం పట్టీలు పొడవునా పరిచి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో చలిగాలి తలుపు దాకా పరిగెత్తి, దారిలో పైకి లేచి, కప్పు కింద నుంచి యంత్రానికి తిరిగొస్తుంది. అరటి విషయంలో గాలి పెట్టెల లోపలి నుంచి సాగాలి, ఎందుకంటే వేడి లోపలే పుడుతోంది. అందుకే అట్టపెట్టెల కిందా పైనా రంధ్రాలుంటాయి, ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు అవి ఒకే గీతలో రావాలి. రొయ్యలో వేడి పుట్టదు, వేడి గోడల నుంచే వస్తుంది. గాలి సరుకు చుట్టూ తిరిగితే చాలు. పెట్టెలు ఖాళీ లేకుండా దిమ్మలా పేర్చవచ్చు, రంధ్రాలు అక్కర్లేదు. గోడల మీద ఒక ఎర్ర గీత ఉంటుంది, సరుకు దాన్ని దాటకూడదు. ఇంకో నాలుగు పెట్టెలు పడతాయి కదా అని ఆశకు పోయి గీత దాటి కుక్కితే తిరుగుదారి మూసుకుపోతుంది, తలుపు వైపు సరుకు ఉడుకుతుంది.

ఇంత చదివాక రొయ్యకూ అరటికీ కరెంటు పోవడం ఒకటి కాదని మీరే ఊహించి ఉంటారు. రోడ్డు మీదా రైలు మీదా జనరేటర్ కావాలి, రేవులో ప్లగ్గు, ఓడలో ఇంకో ప్లగ్గు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారే మధ్యలో తీగ ఊడే ఉంటుంది. గడ్డకట్టిన 20 టన్నులు కొన్ని గంటల ఖాళీని తట్టుకుంటాయి. మధ్యలోని సరుకుకు సంగతే తెలియదు, అంచులు మాత్రం కాస్త మెత్తబడి మళ్లీ బిగుస్తాయి. అలా పదే పదే జరిగితే చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటికి అతుక్కుంటాయి. కొనుక్కొచ్చిన ఫ్రోజెన్ బఠాణీ ప్యాకెట్టు లోపల తెల్లటి మంచు పొడి కనబడితే, దారిలో ఎక్కడో దాని చలి తెగిందని అర్థం. అరటికి ఆ వెసులుబాటు లేదు. గాలి ఆగిన క్షణం నుంచి దాని సొంత వేడి, కార్బన్ డయాక్సైడ్, ఇథిలీన్ పెట్టెలోనే పోగుపడతాయి.

2023 చివర ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై, చాలా కంపెనీలు సూయజ్ వదిలి ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టిరావడం మొదలుపెట్టాయి. పది రోజుల నుంచి రెండు వారాల ప్రయాణం అదనం. విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి వెళ్లే రొయ్యకు అది కిరాయి, కరెంటు ఖర్చు మాత్రమే. నాసిక్ నుంచి యూరప్ వెళ్లే ద్రాక్షకు మాత్రం అంగడిలో నిలవాల్సిన రోజుల్లో నుంచి కోత. అరటి ఎగుమతి ఎక్కువగా గల్ఫ్, ఇరాన్ వైపే ఉండటంలో ఆశ్చర్యమేమీ లేదు. ప్రాణమున్న సరుకు దగ్గరి రేవునే వెతుక్కుంటుంది.

బంగినపల్లి మామిడి సంగతి ఇంకా కష్టం. దానికీ 12, 13 డిగ్రీల కింద చలిదెబ్బ తగులుతుంది, పైగా అరటి కన్నా వేగంగా పండుతుంది. అమెరికా 2007 నుంచి మన మామిడిని రానిస్తోంది గానీ పురుగులు పోయేలా వికిరణం చేయించాలన్న షరతు పెట్టింది. ఇవన్నీ దాటాక మిగిలిన రోజులు సముద్రయానానికి చాలడం కష్టం, కాబట్టి ఎక్కువగా విమానమే గతి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు పెట్టె మామిడికి ఇచ్చే ధరలో పండు వాటా కన్నా గాలి ప్రయాణం వాటా ఎక్కువ.

మళ్లీ ఆ మైనస్ 18 దగ్గరికి వద్దాం. ఈ అంకె ఎక్కడిది? ఫారన్‌హీట్ కొలమానంలో సున్నా అంటే మన లెక్కన మైనస్ 17.8. అమెరికన్ ఫ్రోజెన్ పరిశ్రమ గుండ్రటి అంకె కావాలని సున్నాను పట్టుకుంది, ప్రపంచం దాన్ని సెల్సియస్‌లోకి మార్చుకుని చట్టంగా రాసుకుంది. సూక్ష్మజీవులు మైనస్ 12 ప్రాంతంలోనే పెరగడం మానేస్తాయి. అక్కడి నుంచి కిందికి దించేది రుచి, రంగు, కొవ్వు చేదెక్కకుండా ఉండటం కోసం. కాబట్టి మైనస్ 18 ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు కుదుర్చుకున్న గీత. 2023లో కొన్ని ఓడరేవుల, రవాణా కంపెనీలు కూటమి కట్టి దాన్ని మైనస్ 15కు మార్చాలని అడగడం మొదలుపెట్టాయి. బయటికీ లోపలికీ ఉన్న తేడా మూడు డిగ్రీలు తగ్గితే గోడల గుండా చొరబడే వేడి తగ్గుతుంది, కంప్రెసర్ పనీ తగ్గుతుంది, సముద్రం మీద కాలే ఇంధనమూ తగ్గుతుంది.

నాకు ఆ వాదన చాలావరకు సబబుగానే కనిపిస్తుంది, ఒక్క మినహాయింపుతో. బఠాణీకి మూడు డిగ్రీలు లెక్కలోకి రావు. కొవ్వున్న చేపకు వస్తాయి, నెలల తరబడి నిల్వ ఉంచితే దాని కొవ్వు ముందే చేదెక్కుతుంది. అన్ని సరుకులకూ ఒకే అంకె అన్నది 20వ శతాబ్దపు సౌకర్యం, ఇప్పుడు ఆ పెట్టెకు సరుకును బట్టి నడిచే తెలివి ఉంది. కానీ అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లోనూ యూరప్ చట్టంలోనూ మైనస్ 18 అనే రాసి ఉంది, అమెరికా కొనుగోలుదారు కాంట్రాక్టులోనూ అదే ఉంటుంది. అవి మారేదాకా భీమవరంలో కంటైనర్ తలుపు బిగించేవాళ్లు యంత్రం మీద మైనస్ 18 అనే నమోదు చేస్తారు. దారిలో ప్లగ్గు ఎన్నిసార్లు ఊడుతుందో అనుమానం ఉన్నవాళ్లు మైనస్ 20.